లెక్కలోకి రాని కూలి: ఆచార్య ఎన్.జి. రంగా

సెకండియర్‌లో మనందరికీ ఒక సబ్జెక్ట్ ఉంటుంది. మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్, అందరం ముద్దుగా మెఫా అంటాం. మా సీఎస్‌ఈ వాళ్ళకి అది పరీక్ష ముందు రోజు రాత్రి చదివే సబ్జెక్ట్. నేనూ అలాగే చదివాను. ఒక్క టాపిక్ మాత్రం బుర్రలో ఉండిపోయింది. చేతి నుంచి డబ్బు బయటికి పోయే ఖర్చు ఒకటి, పోకపోయినా లెక్కలో రాసుకోవాల్సిన ఖర్చు ఇంకొకటి. సొంత షాపులో తనే కూర్చునే ఓనరు తనకి తాను జీతం ఇచ్చుకోడు, కానీ ఆ జీతం కూడా ఖర్చే. రెండు మార్కుల ప్రశ్న అది.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఈ రెండు మార్కుల ప్రశ్న నా ముందుకొచ్చింది. మాకు పర్చూరు వైపు మూడెకరాల నల్లరేగడి ఉంది. నాన్నకి గుంటూరులో ఉద్యోగం. పొలం ఒక బాబాయ్ కౌలుకి చేస్తాడు (సొంత బాబాయ్ కాదు, ఊరి వరస). ఒక ఏడు మిర్చి, ఒక ఏడు పత్తి. లాప్‌టాప్ ఉంది కదా అని ఆయన మిర్చి లెక్కలన్నీ ఒక షీట్‌లో వేసిస్తానన్నాను. దుక్కి, నారు, ఎరువులు, పురుగు మందులు, కాయ కోతల కూలి, కల్లం, టిక్కీలు, యార్డుకి లారీ కిరాయి, కమిషన్, మా నాన్నకి కట్టే కౌలు. అన్నీ అయ్యాక కొంచెం మిగులు కనిపించింది. అప్పుడు నేను తెలివిగా ఇంకో కాలమ్ పెట్టాను: బాబాయ్, పిన్ని చేసిన పని రోజులు, కూలి రేటు. మిగులు మైనస్‌లోకి వెళ్ళిపోయింది. బాబాయ్ నవ్వి, ఆ కాలమ్ తీసెయ్యమన్నాడు. మన పని మనం చేసుకుంటే కూలేంటి అన్నట్టు చూశాడు. పిన్ని మాత్రం నవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చీరాలలో ఎక్కిన పాసింజరు నిడుబ్రోలులో ఆగింది. పొన్నూరు స్టేషన్ పేరు నిడుబ్రోలు అని మనలో చాలామందికి తెలుసు, ఎందుకో మాత్రం తెలీదు. పొన్నూరు పక్కనే ఆ పేరుతో ఊరుంది. ఎన్.జి. రంగా పుట్టిన ఊరు అది. నాకు ఆయన పేరు అంతవరకు లాంలోని వ్యవసాయ యూనివర్సిటీ బోర్డు మీదే తెలుసు. హాస్టల్‌కి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. బాబాయ్ తీసెయ్యమన్న కాలమ్ చుట్టూ ఆయన అరవై ఏళ్ళు తిరిగారని నాకు అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

గోగినేని రంగనాయకులు 1900 నవంబర్ 7న ఒక రైతు కుటుంబంలో పుట్టారు. బడి సొంత ఊళ్ళో, కాలేజీ గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో. తర్వాత ఇంగ్లండ్. ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ చదివి 1926లో బి.లిట్. పట్టా తీసుకున్నారు. ఇప్పుడు మన సీనియర్లు ఎం.ఎస్.కి వెళ్ళినంత తేలిక కాదు అప్పట్లో. ఓడ ప్రయాణం, ఊళ్ళో గొణుగుడు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. జనం ఆయన్ని చివరిదాకా ఆచార్య రంగా అన్నది అందుకే.

నన్ను ఆకట్టుకున్న విషయం ఏంటంటే, అంత దూరం వెళ్ళి చదివిన మనిషి రాసిన తొలి పుస్తకం మన డెల్టా ఊళ్ళ గురించి. భారత గ్రామాల ఆర్థిక నిర్మాణం మీద రెండు సంపుటాలు ఇంగ్లీషులో రాశారు, మొదటిది డెల్టా గ్రామాల మీదే. 1930లో దక్షిణ భారత చేనేత కార్మికుల బతుకుల మీద ఇంకో పుస్తకం. మెఫా పుస్తకంలో కంపెనీ వేరు, ఇల్లు వేరు. కంపెనీ కూలి ఇస్తుంది, ఇల్లు కూలి తీసుకుంటుంది, బాణం గుర్తులతో బొమ్మ కూడా ఉంటుంది. మగ్గం ఉన్న ఇంట్లోనో, ఎద్దులున్న ఇంట్లోనో ఆ బొమ్మ గియ్యలేం. యజమాని, కూలీ, తినేవాడు ముగ్గురూ ఒకే మంచం మీద పడుకుంటారు. భర్త నేస్తుంటే భార్య చుట్టే నూలుకి రేటు ఎవరూ రాయరు. పుస్తకం సిద్ధాంతాన్ని ఇంటి మీద రుద్దడం కాకుండా, ఇంటి దగ్గర మొదలుపెట్టి సిద్ధాంతం కట్టుకోవాలన్న పట్టుదల రంగా గారిలో నాకు కనిపించింది.

1930 నాటికి ఆయన గాంధీ పిలుపుతో ఉద్యమంలోకి వచ్చేశారు, అదే సంవత్సరం కేంద్ర శాసనసభలో సభ్యుడు కూడా అయ్యారు. అప్పుడే ప్రపంచ ఆర్థిక మాంద్యం మన ఊళ్ళకీ వచ్చింది. పంటల ధరలు కూలిపోయాయి. శిస్తు మాత్రం డబ్బులోనే, పాత రేటులోనే కట్టాలి. అంటే ఇంతకుముందు పది బస్తాలు అమ్మి కట్టిన శిస్తుకి ఇప్పుడు ఇరవై అమ్మాలి అనుకోండి, అలాంటి పరిస్థితి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. రైత్వారీ పద్ధతిలో శిస్తు, నికర రాబడిలో సగానికి మించకూడదని బ్రిటిష్ వాళ్ళ సిద్ధాంతం. నికర రాబడి అంటే పంట విలువలోంచి సాగు ఖర్చు తీసెయ్యగా మిగిలింది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ సాగు ఖర్చు ఎంతని ఆఫీసులో కూర్చుని రాస్తారో, దాన్నిబట్టే రైతు ఇంట్లో పొయ్యి వెలగడమో ఆరిపోవడమో. రైతు ఇంటి ఆడవాళ్ళ పనిని ఖర్చులో తక్కువ రాస్తే మిగులు ఎక్కువ కనిపిస్తుంది, ఆ లేని మిగులులో సర్కారు వాటా అడుగుతుంది. నా షీట్‌లో ఆ కాలమ్ తీసెయ్యగానే ప్లస్ వచ్చింది కదా, అదే ఇది.

1933లో ఆయన రైతు ఆందోళన నడిపారు. జమీందారీ ప్రాంతాల్లో పరిస్థితి ఇంకా ఘోరం కాబట్టి వెంకటగిరి లాంటి జమీన్ రైతుల పక్షాన కూడా నిలబడ్డారు. ఇవన్నీ ఏ పుస్తకంలో అయినా దొరుకుతాయి. నాకు బాగా నచ్చింది మాత్రం అదే 1933లో నిడుబ్రోలులో పెట్టిన రైతు విద్యాలయం. రైతు పిల్లల్ని, ఊరి కార్యకర్తల్ని కూర్చోబెట్టి చరిత్ర, రాజకీయం, ఎకనామిక్స్ చెప్పేవాళ్ళు. వేసవి బడులు మంతెనవారిపాలెంలో, కొత్తపట్నంలో కూడా జరిగాయి. ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం అంటే బీచ్, ఆదివారం బైకులేసుకుని వెళ్ళే చోటు. అక్కడ ఒకప్పుడు పంచె కట్టుకున్న కుర్రాళ్ళు ఇసుకలో కూర్చుని భారత ఆర్థిక వ్యవస్థ గురించి, మార్క్సిజం గురించి పాఠాలు విన్నారు. అటెండెన్స్ లేదు, ఇంటర్నల్స్ లేవు, పోలీసుల భయం మాత్రం ఉంది.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. బీహార్ నాయకుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. రెండేళ్ళ తర్వాత ఆంధ్ర రైతులు చేసిన యాత్ర గురించి చదివినప్పుడు నేను మ్యాప్ తీసి చూసుకున్నాను. ఇచ్ఛాపురంలో మొదలై తొమ్మిది జిల్లాలు, 1,500 మైళ్ళకు పైగా, 130 రోజులు. రెండు వేల మందికి పైగా నడిచారు. దారిలో 1,100కి పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకి ఇచ్చారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశం. ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడే, భూమి మాత్రం రైతుదే అని తేల్చింది. జమీందారీ రద్దు చట్టం రావడానికి మాత్రం 1948 దాకా ఆగాల్సొచ్చింది.

ఆ మధ్యలోనే రంగాకీ కమ్యూనిస్టులకీ చెడింది. దీన్ని కేవలం పార్టీల గొడవ అనుకుంటే విషయం పోతుంది. ఆ రోజుల్లో మార్క్సిస్టుల అంచనా ఏంటంటే, చిన్న రైతు ఎక్కువ కాలం ఉండడు. కొందరు పెద్ద ఆసాములవుతారు, మిగతా అందరూ కూలీలవుతారు. ఫ్యాక్టరీ వచ్చి చేతిపనిని మింగినట్టు పెద్ద కమతం చిన్న కమతాన్ని మింగుతుంది. ఇలా కాదు అని రష్యాలోనే ఒక ఆర్థికవేత్త వాదించాడు, పేరు అలెగ్జాండర్ చయనోవ్. రైతు కుటుంబం కంపెనీలాగా లాభం కోసం నడవదు, ఇంట్లో తినే నోళ్ళు, పని చేసే చేతులు, ఈ రెండింటి మధ్య బ్యాలెన్స్ చూసుకుంటుంది అన్నాడు. కూలి గిట్టుబాటు కాకపోతే కంపెనీ మూతపడుతుంది, రైతు కుటుంబం మాత్రం ఇంకో గంట ఎక్కువ పని చేస్తుంది. అందుకే అది బతుకుతుంది, అందుకే నలిగిపోతుంది కూడా. స్టాలిన్ ప్రభుత్వం చయనోవ్‌ని 1930లో అరెస్టు చేసింది, 1937లో కాల్చేసింది. ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి 1966లో గానీ రాలేదు. రంగా ఆలోచన ఆయనకి చాలా దగ్గరగా నడిచింది. భూమి ఉన్న చిన్న రైతు మాయమైపోవాల్సిన పాత వస్తువు కాదు, తన మానాన తను నిలబడగల మనిషి అన్నది ఆయన నమ్మకం. తర్వాత రోజుల్లో ప్రపంచ రైతాంగం మీద ఒక పుస్తకమే రాశారు. 1954లో న్యూయార్క్‌లో జరిగిన అంతర్జాతీయ రైతు సంఘం సభకి వెళ్ళారు, అందులో ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి పారిపోయి వచ్చిన రైతు నాయకులు.

రాజ్యాంగ సభలో కూడా ఆయన ఉన్నారు. 1946 డిసెంబర్‌లో లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, అసలైన మైనారిటీలు మతాలవాళ్ళు కాదు, ఈ దేశపు సామాన్య జనమే అన్న వాదన తెచ్చారు. చదువు రానివాళ్ళు, వడ్డీ వ్యాపారి చేతిలో మోసపోయే గిరిజనులు, వీళ్ళకి కాగితం మీద హక్కులుంటే చాలదు, వాటిని వాడుకునే పరిస్థితి ఉండాలి అని దాని సారాంశం. చాలా ఏళ్ళ తర్వాత అమర్త్య సేన్ హక్కు వేరు, దాన్ని నిజంగా వాడుకోగల శక్తి వేరు అన్న తేడా మీద పెద్ద సిద్ధాంతమే కట్టారు. నీతి నుంచి విడిపోయి ఎకనామిక్స్ చిక్కిపోయిందని 1987లో ఒక పుస్తకం కూడా రాశారు. మన మెఫా సిలబస్‌లో ఇదేదీ లేదు.

ఇక 1959. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఒక తీర్మానం చేసింది. ముందు ముందు వ్యవసాయం ఉమ్మడి సహకార పద్ధతిలో సాగాలి. హక్కు రైతు పేరు మీదే ఉంటుంది, సాగు మాత్రం అందరి పొలాలు కలిపి చేస్తారు, భూమిని బట్టి వాటా, పనిని బట్టి వాటా. నెహ్రూ ఉద్దేశం చెడ్డది కాదు. ముక్కలు ముక్కలుగా ఉన్న కమతాలతో దేశానికి తిండి ఎలా పెట్టాలి అన్నది నిజమైన ప్రశ్నే. కానీ రంగా దీన్ని ఒప్పుకోలేదు. ఉత్తరప్రదేశ్‌లో చరణ్ సింగ్ కూడా ఒప్పుకోలేదు. పొలం కలిపేస్తే రైతు, తన పొలంలో తనే మేస్త్రీ చెప్పినట్టు చేసే కూలీ అవుతాడు, ఎప్పుడు నీళ్ళు పెట్టాలో ఏం వెయ్యాలో తనే తేల్చుకునే మనిషి ఇక ఉండడు అన్నది రంగా భయం. తక్కువ ఆదాయం కన్నా ఆ నిర్ణయం పోవడమే ఆయన దృష్టిలో పెద్ద నష్టం. దిగుబడి లెక్కలో కూడా చిన్న రైతుది తీసిపారేసే కేసు కాదని తర్వాత బయటపడింది. చిన్న కమతాల్లో ఎకరానికి దిగుబడి ఎక్కువగా ఉంటోందని అప్పటి ఫార్మ్ మేనేజ్‌మెంట్ సర్వేలు చూపించాయి, 1962లో సేన్ దాని మీద వ్యాసం రాశారు. కారణం మళ్ళీ అదే, ఇంటి చేతులు లెక్క చూసుకోకుండా పని చేస్తాయి.

రంగా కాంగ్రెస్ వదిలేశారు. రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. నాకు మింగుడు పడనిది ఇక్కడే మొదలవుతుంది. ఆ పార్టీలోకి ఎవరొచ్చారో చూడండి. జైపూర్ మహారాణి గాయత్రీ దేవి, బీహార్‌లో రాంగఢ్ రాజా, బొంబాయి వ్యాపారస్తుల మద్దతు. వెంకటగిరి రైతుల కోసం జమీందారు మీదికి వెళ్ళిన మనిషి, రాజుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భూపరిమితి చట్టాలని ఆ పార్టీ వ్యతిరేకించింది. మూడెకరాల వాడి స్వేచ్ఛ, మూడు వేల ఎకరాల వాడి స్వేచ్ఛ ఒకే జెండా కింద ఎలా నిలబడతాయి? 1967లో లోక్‌సభలో 44 సీట్లతో అతి పెద్ద ప్రతిపక్షం అయింది, ఏడెనిమిదేళ్ళలో ఆ పార్టీయే లేకుండా పోయింది. అంతకుముందే, 1972లో, ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు.

రెండో మింగుడు పడనిది కూలీల సంగతి. ఆయన కోరింది రైతు కూలీ రాజ్యం. గాంధీతో దాని మీద చర్చించి, ఆ చర్చల్ని తర్వాత పుస్తకంగా కూడా వేశారు. ఇరవయ్యవ దశకంలోనే తన ఇంటి మంచినీళ్ళ బావిని హరిజనులకి తెరిచారు. హరిజన నాయకుడు అని తెలుగులో నవల రాశారు (మన క్లబ్‌లో ఎవరికైనా కాపీ దొరికితే చెప్పండి). ఇవన్నీ నిజాలే. కానీ రైతు కూలీ రాజ్యం అనే మాటలో మొదటి పదం ఎప్పుడూ రెండో పదం కన్నా గట్టిగా వినిపించిందని వామపక్షాల వాళ్ళు అప్పుడే విమర్శించారు. నేను చదివినంతలో ఆ విమర్శ తప్పనిపించలేదు. సొంత చేతులతో దున్నే కుటుంబం ఆయన ఎకనామిక్స్‌కి కేంద్రం. అది సరే, మిర్చి కోతకి ఏ కుటుంబమూ సొంత చేతులతో సరిపెట్టుకోలేదు. కోతల టైమ్‌లో పొద్దున్నే మన రోడ్ల మీద ట్రాలీ ఆటోలు నిండా వెళ్ళేది ఆడ కూలీలే. వాళ్ళ కూలి పెరిగితే రైతు ఖర్చు పెరుగుతుంది. ఇద్దరూ ఒకే రాజ్యంలో ఉన్నా లెక్క పుస్తకంలో ఎదురెదురు వైపుల ఉంటారు. దీనికి ఆయన దగ్గర తేలిన జవాబు నాకు కనపడలేదు.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, తర్వాత 1980 నుంచి వరసగా మూడుసార్లు గుంటూరు నుంచి లోక్‌సభకి గెలిచారు, మధ్యలో రాజ్యసభ. అంత దీర్ఘకాలం చట్టసభల్లో ఉన్నందుకు గిన్నిస్ రికార్డులో పేరెక్కింది. 1991లో పద్మవిభూషణ్. భార్య భారతీదేవి కూడా స్వాతంత్ర్యోద్యమంలో పనిచేశారు. 1995 జూన్ 9న ఆయన పోయారు. మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక ఆ యూనివర్సిటీ గుంటూరు పక్కన లాంకి వచ్చింది. లాం పరిశోధనా కేంద్రంలో తయారైన మిర్చి రకం ఎల్‌సీఏ 334. మిర్చి యార్డులో తేజ రేటెంత, 334 రేటెంత అని అడిగేవాళ్ళు రోజుకి ఎంతమందో. ఆ నంబరు వెనకున్న యూనివర్సిటీ ఎవరి పేరు మీదుందో అడిగేవాళ్ళని నేనైతే చూడలేదు.

ఆయన జీవితమంతా అడిగిన గిట్టుబాటు ధర సంగతి ఇప్పుడు ఎక్కడుందంటే, మద్దతు ధర లెక్కలో కుటుంబ శ్రమ ఒక కాలమ్‌గా వచ్చేసింది. ఏ2 అంటే చేతి నుంచి పోయిన ఖర్చు, ఎఫ్ఎల్ అంటే ఇంటివాళ్ళ పని విలువ, సీ2 అంటే సొంత భూమి అద్దె, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపింది. కేంద్రం ఏ2, ఎఫ్ఎల్ కలిపి దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామంటుంది, రైతు సంఘాలు సీ2 మీద అడుగుతున్నాయి. పత్తికి ఆ ధర ఉంది. మిర్చి ఆ జాబితాలోనే లేదు. అంటే పిన్ని పని రోజులు ఒక ఏడు ఢిల్లీ లెక్కలో ఉంటాయి, పంట మారిస్తే ఇంకో ఏడు ఉండవు.

ఇంకోటి కూడా ఉంది, చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. రంగా గారి లెక్కలో రైతు అంటే భూమి పట్టా, నాగలి రెండూ ఒకే చేతిలో ఉన్నవాడు. మా మూడెకరాలకి పట్టా మా నాన్న దగ్గర, నాగలి బాబాయ్ దగ్గర. కౌలు డబ్బు ముందే వచ్చేస్తుంది, నా మొదటి ఏడాది ఫీజులో కొంత అదే. నల్ల తామర పురుగు వచ్చి తోట మొత్తం పోయిన ఏడు కూడా మా కౌలు మాకు వచ్చింది. కాలేజీ ఫారాల్లో నాన్న వృత్తి దగ్గర ఉద్యోగం అని రాసి, పక్కన రైతు అని కూడా రాసేవాణ్ణి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకి సాగుదారు హక్కు కార్డు ఇస్తారు, పదకొండు నెలలకి. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. భూమి హక్కు ఎక్కడికీ పోదని చట్టంలోనే ఉంది. కానీ పొలం యజమాని సంతకం కావాలి. బాబాయ్ రెండేళ్ళ కింద ఆ కాగితం తెచ్చి ఇచ్చాడు. నాన్న చూద్దాంలే అన్నారు. సంతకం పెడితే రేపు పొలం మీద ఏదైనా పేచీ వస్తుందేమోనని నాయనమ్మ భయం.

ఈ వ్యాసం మొదటి డ్రాఫ్టు నాన్నకి వాట్సాప్‌లో పంపాను. రంగా గారి సభ ఒకటి చిన్నప్పుడు తాతయ్య భుజాల మీద కూర్చుని చూశానని, తెల్ల టోపీ గుర్తుందని వాయిస్ మెసేజ్ పెట్టారు. కార్డు గురించి ఏమీ అనలేదు. కాగితం ఇంకా టీవీ కింద సొరుగులోనే ఉంది, గ్యాస్ బుక్ పక్కన. ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు తీసి టేబుల్ మీద పెడతాను.